"అనుదినాహారము" అంటున్నాం కదా, గ్రీకులో అక్కడున్న మాట ఏమిటి?

మిరపచేను
మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకి నేను చెప్తాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. పోయిన ఆదివారం పరలోక ప్రార్థన కంఠతా పట్టిస్తుంటే "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గర ఒక బాబు ఆపాడు. "టీచర్, అనుదినం అంటే రోజూ కదా, మళ్ళీ నేడు అని ఎందుకు? రోజూ తినే అన్నం ఇవాళ ఒక్కరోజే ఇమ్మనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం చెప్తానన్నాను.

అదే వారంలో మా ఊళ్ళో మూడు రోజుల కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఇదే వాక్యం తీసుకుని, "గ్రీకులో ఉన్నది అన్నం గురించి కానే కాదు, పైనుంచి దిగివచ్చే ఆత్మీయాహారం గురించి. అన్నం కోసం ఈ మాట పలికేవాళ్ళు ఇంకా శరీర సంబంధులే" అన్నారు. నా పక్కనే మా అమ్మ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది అమ్మ. పొద్దున్నే బియ్యం కడుగుతూ ఈ ఒక్క వాక్యం పైకి వినపడేలా చెప్పుకుంటుంది, మిగతా ప్రార్థనంతా లోపలే. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. మర్నాడు బియ్యం కడిగేటప్పుడు మాత్రం నోరు విప్పలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

గ్రీకు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఆ మాట ఏమిటి? నిజంగా అన్నం గురించి కాదా?

జీడిమామిడి
ఆ బాబు అడిగిన ప్రశ్న నాకూ చిన్నప్పుడు వచ్చింది. అడిగితే కొడతారని అడగలేదు. మీ క్లాసులో పిల్లలు అడగగలుగుతున్నారంటే మీరు మంచి టీచరే అక్కా.

పాత_నిఘంటువు
మత్తయి 6:11లోనూ లూకా 11:3లోనూ ఉన్న మాట "ఎపియూసియోస్". పూర్తి వాక్యం "తొన్ ఆర్తొన్ హీమోన్ తొన్ ఎపియూసియొన్ దొస్ హీమిన్ సీమెరొన్". ఆర్తొస్ అంటే రొట్టె, హీమోన్ మా, దొస్ ఇవ్వు, హీమిన్ మాకు, సీమెరొన్ ఈరోజు. ఇవన్నీ సంతలో వినపడే మామూలు మాటలు. మధ్యలో ఈ ఎపియూసియోస్ ఒక్కటే ఎక్కడిదో తెలియని మాట.

ఇది అతిశయోక్తి కాదు. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకి చెందిన ఒరిగెన్ ప్రార్థన గురించి రాసిన గ్రంథంలో ఈ మాట దగ్గర ఆగిపోయాడు. పండితులెవరూ దీన్ని వాడలేదు, జనం నోట కూడా లేదు, సువార్తికులే కల్పించినట్టుంది అన్నాడు. ఆయన గ్రీకు మధ్యే పుట్టి పెరిగినవాడు, గ్రీకులో దొరికినదల్లా చదివినవాడు. అలాంటి మనిషి ఈ మాట నేనెక్కడా వినలేదంటే మనం కాసేపు ఆగాలి.

ఆ తర్వాత ఇన్ని వందల ఏళ్ళలో ఎవరు వెతికినా ఈ ప్రార్థనలోనూ, దీన్ని ఎత్తి రాసినవాళ్ళ దగ్గరా తప్ప ఇంకెక్కడా నమ్మకంగా దొరకలేదు. "దిదఖే" అనే తొలి సంఘకాలపు పుస్తకంలో ఉంది, కానీ అక్కడున్నదీ ఇదే ప్రార్థన. దీన్ని రోజుకి మూడుసార్లు చెప్పమని కూడా అందులో ఉంది.

కాబట్టి "గ్రీకులో ఇది అన్నం కానే కాదు" అని ఎవరైనా గట్టిగా చెప్పారంటే, ఒరిగెన్‌కి లేని ధీమా వాళ్ళకి ఎక్కడిది అని అడగండి. ఒరిగెన్ కూడా ఆత్మీయార్థం వైపే మొగ్గాడు, అది నిజం. కానీ మాట తనకి తెలియదని ముందు ఒప్పుకుని, తర్వాత మొగ్గాడు.

మిరపచేను
అంటే రోజూ కోట్లమంది చెప్పే ప్రార్థనలో అర్థం తేలని మాట ఉందా! నేను డిక్షనరీలో చూస్తే ఒక లైనులో అయిపోతుందనుకున్నాను.

సందేహాల_సత్తి
మరి తెలుగువాళ్ళు "అనుదిన" అని ఎలా వేశారు? ఊహించి వేసిందా?

పాత_నిఘంటువు
ఊహ కాదు సత్తిగారూ, పాత వాడుక. లాటిన్‌లో మొదటి నుంచీ "కోతిదియానుమ్", అంటే రోజువారీ అని చెప్పుకున్నారు. 4వ శతాబ్దం చివర జెరోము సువార్తల లాటిన్ పాఠాన్ని సరిచేస్తూ మత్తయిలో దాన్ని తీసేసి "సూపెర్‌సుబ్‌స్తాంతియాలెమ్" అని పెట్టాడు. పదార్థానికి మించినది అని అర్థం. లూకాలో మాత్రం కోతిదియానుమ్ అలాగే ఉంచేశాడు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, ఒకే మనిషి చేతిలో రెండు అనువాదాలు! మీ ఊరికొచ్చిన ప్రసంగీకుడి మాటకి మూలం ఈ మత్తయి పాఠమే అనుకుంటాను.

ఇంకొకటి చూడండి. "రోజువారీ" అని మాత్రమే చెప్పాలనుకుంటే గ్రీకులో మామూలు మాటలు సిద్ధంగా ఉన్నాయి. యాకోబు 2:15లో "ఆ నాటికి భోజనము లేక" అన్నచోట ఎఫీమెరొస్. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాండ్రకి భోజనం పంచే "అనుదిన పరిచర్య" దగ్గర కథీమెరినొస్. తెలుగులో అక్కడా అనుదినమే, ఇక్కడా అనుదినమే, కాబట్టి మనకి తేడా కనపడదు. గ్రీకులో మాత్రం ఎదురుగా ఉన్న మాటల్ని వదిలేసి కొత్తది తెచ్చారు. ఎందుకో ఆలోచించాల్సిందే.

గోదారి_సేవకుడు
ఆ ప్రసంగీకుణ్ణి నేను వెనకేసుకు రావడం లేదు, కానీ ఆ అర్థాన్ని అంత తేలిగ్గా తోసేయొద్దు. ఎపి అంటే పైన, ఊసియా అంటే సారం, ఉనికి. ఉనికికి మించినది అని జెరోము ఊరికే అనలేదు. 4వ శతాబ్దంలోనే యెరూషలేము బిషప్పు సిరిలు కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకి బోధిస్తూ మామూలు రొట్టె ఎపియూసియోస్ కాదు, ఈ పరిశుద్ధమైన రొట్టే ఎపియూసియోస్ అని చెప్పాడు. యోహాను 6లో ప్రభువే "జీవాహారము నేనే" అన్నాడు. అదే అధ్యాయంలో "క్షయమైన ఆహారముకొరకు కష్టపడకుడి" అనీ అన్నాడు. ప్రార్థనలో ముందు ఆయన నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం. అంత ఎత్తున సాగుతూ ఉన్నట్టుండి వంటింట్లోకి దిగడమేమిటి అనేది నాకు నిజంగా వచ్చే ప్రశ్న.

రాయిచెట్టు
వంటింట్లోకే దిగాడు సార్ ఆయన. మార్త ఇంట్లో భోజనం చేశాడు, జక్కయ్య ఇంట్లో దిగాడు. తిరిగి లేచాక గలిలయ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి చేపలు కాల్చి "రండి భోజనము చేయుడని" పిలిచాడు. వంటిల్లు ఆయనకి చిన్న చోటేమీ కాదు.

నానాటి_అన్నం
మేము కతోలికులం. మా పరలోక జపంలో ఈ వాక్యం "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి". అన్నము అనే ఉంటుంది, ఆహారము కాదు. చిన్నప్పుడు మా నాయనమ్మతో కలిసి చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర నాకు నిజంగా కంచంలో అన్నమే కనిపించేది.

మా దగ్గర రెండు అర్థాలకీ పేచీ లేదు. కతోలిక సత్యోపదేశ గ్రంథం 2837లో ఈ మాట గురించే ఉంది. కాలం వైపు నుంచి చూస్తే నేటి ఆహారం, అవసరం వైపు నుంచి చూస్తే బతకడానికి కావలసింది, అక్షరాలా తీసుకుంటే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్రమైన రొట్టె, అన్నీ చెప్పారు. లాటిన్ పూజలో చెప్పే జపంలో ఈనాటికీ కోతిదియానుమే ఉంది. జెరోము కొత్త మాట పుస్తకంలో ఉండిపోయింది, జనం నోట పాత మాటే నిలిచింది.

మిరపచేను
"నానాటికి కావలసిన". ఎంత బాగుంది! మా బైబిల్లో కూడా లూకా 11:3లో "మాకు కావలసిన అనుదినాహారము దినదినము" అని ఉంది, ఇప్పుడే తీసి చూశాను. మత్తయిలో లేని "కావలసిన" లూకాలో ఎలా వచ్చింది?

పాత_నిఘంటువు
ఒకే గ్రీకు మాటలో ఉన్న రెండు ఛాయల్నీ పట్టుకోవాలని చూసినట్టుంది. సిరియాక్ భాషలోని పాత బైబిల్ అనువాదం పెషిత్తాలో కూడా "మాకు అవసరమైన రొట్టె" అనే ఉంటుంది. అంతకన్నా పాతదైన ఒక సిరియాక్ ప్రతిలో "ఎప్పుడూ ఉండే రొట్టె" అని ఉంది. ఒక్క భాషలోనే పాత ప్రతి ఒకలాగా, కొత్త ప్రతి ఇంకోలాగా.

లేఖనాల_లెక్క
ఊసియా గురించి ఒక మాట. వేదాంత చర్చల్లో ఊసియా అంటే సారం, తత్త్వం. సరే. కొత్త నిబంధనలో ఊసియా ఎక్కడుందో చూశారా? ఒక్కచోటే, తప్పిపోయిన కుమారుడి కథలో. లూకా 15:12, 13. "తండ్రీ, ఆస్తిలో నాకు వచ్చు భాగమిమ్మని". ఆ ఆస్తే ఊసియా! లూకాకి ఊసియా అంటే పొలమూ పశువులూ డబ్బూ.

ఊసియా పుట్టింది "ఉండు" అనే క్రియ నుంచి. మన ఆస్తి కూడా అంతే, సంస్కృతంలో "అస్తి" అంటే ఉంది అని. తెలుగులో ఉన్నోళ్ళు, లేనోళ్ళు అంటాం కదా, ఏముంది ఏం లేదు అని ఎవరూ అడగరు. ఉండటమే ఆస్తి. గ్రీకువాడి బుర్ర కూడా అలాగే నడిచింది. అందుకని ఎపి, ఊసియా కలిసిందే అనుకున్నా సరే, "ఉండటానికి సరిపడా" అంటే బతకడానికి సరిపడా అని తీసుకోవచ్చు. ఆకాశానికి ఎక్కనక్కర్లేదు. సామెతలు 30:8 గుర్తు తెచ్చుకోండి. "పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము."

జీడిమామిడి
ఉన్నోళ్ళు లేనోళ్ళు! ఇది మా బైబిల్ స్టడీలో చెప్తాను, మీ పేరు చెప్పే చెప్తాను.

లేఖనాల_లెక్క
ఇంకో చిక్కుంది. ఎపి, ఊసియా కలిస్తే సంధి జరిగి "ఎపూసియోస్" అవ్వాలి. ఎపి చివరి ఇకారం అచ్చు ముందు మామూలుగా పోతుంది. ఇక్కడ పోలేదు. పోనివి కూడా కొన్ని ఉన్నాయి, ఎపియెయికీస్, ఎపియోర్కొస్ లాంటివి, కాబట్టి ఇదొక్కటే తీర్పు కాదు. కానీ ఇంకో దారిలో వెళ్తే ఈ చిక్కే లేదు. ఎపియేనయి అంటే పైకి రావడం, తర్వాత రావడం. దాని నుంచి "హీ ఎపియూసా", వచ్చేది, అంటే వచ్చే రోజు. ఇది మామూలుగా వాడే మాటే. అపొస్తలుల కార్యములు 16:11లో పౌలు త్రోయ నుంచి ఓడెక్కి "మరునాడు నెయపొలికి" చేరాడు కదా, ఆ మరునాడే ఎపియూసా. దాని నుంచి ఎపియూసియోస్ వచ్చిందంటే, వచ్చే రోజు రొట్టె.

రాయిచెట్టు
అంటే రేపటి అన్నం?

లేఖనాల_లెక్క
రేపటిది, లేదా రాబోయే పూటది. 19వ శతాబ్దంలో లైట్‌ఫుట్ అనే ఇంగ్లీషు బిషప్పు దీని మీద వివరంగా రాశాడు. పొద్దున్నే ప్రార్థన చేస్తే వచ్చే రోజు అంటే ఇప్పుడు మొదలవుతున్న ఈ రోజే. రాత్రి చేస్తే రేపు. మాట ఒకటే, చెప్పే వేళని బట్టి మారుతుంది.

కువైట్_కిటికీ
ఇన్నాళ్ళూ ఈ ఫోరం చదవడమే తప్ప రాయలేదు, ఈ దారం చూసి రాస్తున్నాను. మాది పశ్చిమ గోదావరి. కువైట్‌లో పని. నా రూములో ఉండే ఒకతను ఈజిప్టువాడు, కోప్తిక్ క్రైస్తవుడు. ఇంట్లో అరబీ మాట్లాడతాడు కానీ ఆరాధనలో కొన్ని ప్రార్థనలు కోప్తిక్ భాషలో చెప్తారట. నిన్న రాత్రి డ్యూటీ అయ్యాక ఈ పోస్టుల సంగతి చెప్పి, మీ పరలోక ప్రార్థనలో ఈ చోట ఏముందని అడిగాను. కళ్ళు మూసుకుని మొత్తం చెప్పాడు. మధ్యలో "రస్తి" అని వచ్చింది. రస్తి అంటే రేపు. "రేపటి మా రొట్టె ఈరోజు మాకివ్వు". వాళ్ళ తాతలు, ముత్తాతల కాలం నుంచీ అదే.

రేపటిది ఇవాళ ఎందుకు అడుగుతారు అన్నాను. నవ్వి, నువ్వు జీతం రాగానే ముందు ఏం చేస్తావు అన్నాడు. ఇంటికి పంపుతాను. అది ఎప్పటి అన్నం? నేనేం మాట్లాడలేదు.

నానాటి_అన్నం
అన్నా, మీరు ఇక నుంచి చదివి వెళ్ళిపోవద్దు, రాస్తూ ఉండండి.

పాత_నిఘంటువు
కువైట్ తమ్ముడు చెప్పింది సరిగ్గా సరిపోతుంది. జెరోము కూడా 398లో రాసిన మత్తయి వ్యాఖ్యానంలో, హెబ్రీయుల సువార్త అని పిలిచే ఒక పుస్తకంలో ఈ చోట "మాహర్" అని చూశానని చెప్పాడు. మాహర్ అంటే హెబ్రీలో రేపు. ఆ పుస్తకం ఇప్పుడు మనకి మిగల్లేదు, ఆయన చెప్పిన ముక్క మిగిలింది. పదార్థానికి మించినది అని పెట్టినాయనే ఇది కూడా దాచకుండా రాశాడు. అందుకే జెరోము మీద నాకు గౌరవం.

సందేహాల_సత్తి
ఆగండాగండి. ప్రార్థన 11వ వచనంలో ఉంది. అదే అధ్యాయం 34వ వచనంలో "రేపటినిగూర్చి చింతింపకుడి" అన్నాడు. రేపటి అన్నం అడగమని చెప్పి, కాసేపటికే రేపటి గురించి ఆలోచించొద్దంటాడా? నాకు పొసగడం లేదు.

గోదారి_సేవకుడు
సత్తిగారూ, నా అభ్యంతరమూ ఇదే. అందుకే రేపటి రొట్టె అంటే రాబోయే రాజ్యపు విందు అని చాలామంది తీసుకున్నారు. ఆ విందులోది ఒక ముద్ద ఈరోజే మాకు రుచి చూపించు అని.

రెండో_పూట
నేను ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సుని. రేపటి బియ్యం డబ్బాలో ఉంటేనే ఈ రాత్రి చింత లేకుండా నిద్ర పడుతుంది. లేనివాళ్ళకి చింతింపకుడి అని చెప్పే ముందు, అడగండి అని చెప్పాడు. నాకు ఇందులో వైరుధ్యమేమీ కనపడలేదు. 11వ వచనం అడిగితేనే 34వ వచనం చేయగలం.

రాయిచెట్టు
👆 ఇది నేను ఫోన్లో సేవ్ చేసుకుంటున్నాను.

జీడిమామిడి
మా ఇంట్లో ఆదివారం ఆరాధన ఎంతసేపు జరుగుతుందో దాన్ని బట్టి కోడికూర ఏ పూట ఆహారమో తేలుతుంది. పోయిన వారం అచ్చంగా ఎపియూసియోసే, సాయంత్రం నాలుగింటికి తిన్నాం.

కొబ్బరాకు
నేను ఎక్కడో చదివాను, ఈజిప్టులో దొరికిన ఒక పాత పపైరస్‌లో ఈ మాట ఉందని, కూలీలకి ఇచ్చే రోజు బత్తెం అని దాని అర్థమని. అయితే ఒరిగెన్ తప్పన్నమాటే కదా? మీరెవరూ ఆ సంగతి ఎత్తలేదేం?

పాత_నిఘంటువు
మంచి ప్రశ్న. ఫయ్యూమ్ ప్రాంతంలో హవారా అనే చోట ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో దొరికిన ఇంటి ఖర్చుల పద్దు అది. 1889లో సేస్ అనే పండితుడు అచ్చు వేయించాడు. అందులో ఒక వరుసలో "ఎపియూసి" అని ఉన్నట్టు చదివాడు, పక్కన అర ఒబొలు (ఒబొలు అంటే చిన్న నాణెం) ఖర్చు. అందరికీ ప్రాణం లేచివచ్చింది. దొరికింది, రోజు బత్తెమే, అని పుస్తకాల్లోకి ఎక్కింది. తర్వాత ఆ పపైరస్ కనపడకుండా పోయింది. దాదాపు వందేళ్ళు దాన్ని మళ్ళీ చూడకుండానే అందరూ సేస్ చదివినదాన్నే ఎత్తి రాశారు. చివరికి అది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో తేలింది. నైమాన్, వోర్ప్ అనే ఇద్దరు మళ్ళీ చదివి 1999లో ప్రకటించారు. అక్కడున్నది ఎపియూసియోస్ కాదు, "ఎలయూ". అంటే నూనె!

అర ఒబొలు నూనె ఖర్చు. కిరాణా పద్దులో నూనె ఉండటం కన్నా సహజం ఏముంది. దీంతో ఒరిగెన్ మాటే మళ్ళీ నిలబడింది.

కొబ్బరాకు
అమ్మో. నేను దీన్ని రెండు ప్రసంగాల్లో చెప్పాను. వచ్చే ఆదివారం నిలబడి సరిచేసుకుంటాను.

లేఖనాల_లెక్క
బత్తెం అన్నారు కాబట్టి ఒకటి చూపిస్తాను, నాకు నిన్న రాత్రి తట్టింది. పపైరస్ పోతే పోయింది, బత్తెం మన తెలుగు బైబిల్లోనే ఉంది. నిర్గమకాండము 16:4, మన్నా, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన ఆహారం. "ఈ ప్రజలు వెళ్లి ఏ నాటి బత్తెము ఆనాడే కూర్చుకొనవలెను."

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 24:15 తీయండి. కూలివాడి గురించి. "ఏ నాటి కూలి ఆ నాడియ్యవలెను." సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలట, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడట.

ఇప్పుడు మత్తయి 6:34. "ఏనాటికీడు ఆనాటికి చాలును."

ఏనాటి బత్తెము ఆనాడే, ఏనాటి కూలి ఆనాడే, ఏనాటి కీడు ఆనాటికే. మూడు చోట్లా మన అనువాదకులకి ఒకే నుడికారం దొరికింది. ప్రభువు ప్రార్థన నేర్పింది ఇలాంటి జనానికే. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని దినానికి ఒక దేనారము ఒప్పుకుని సాయంకాలం పిలిచి ఇస్తాడు. ఆ దేనారంతో ఆ రాత్రీ గడవాలి, మర్నాడు పనికెళ్ళే ముందు తినడానికీ ఉండాలి. కూలి చేతికొచ్చేది సాయంత్రం, దాంతో కొన్నది పొయ్యెక్కేది తర్వాత పూట. "వచ్చే పూట రొట్టె ఈరోజు ఇవ్వు" అనే మాట ఆ ఇళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో_పూట
"పూట" అనే మాట ఇక్కడ నాకు చాలా నచ్చుతోంది. దినానికీ పూటకీ మధ్య తేడా ఏమిటో ఉన్నోళ్ళకి తెలియదు. పూట గడవడం అంటాం, దినం గడవడం కన్నా అది దగ్గరి లెక్క.

గోదారి_సేవకుడు
ద్వితీయోపదేశకాండము వచనం నన్ను ఆపింది, ఒప్పుకుంటున్నాను. నేను ఇప్పటికీ ఆ మాటలో ప్రభువు బల్ల నీడ ఉందనే నమ్ముతాను. సిరిలు మాట కొట్టేయలేను. కానీ అన్నం అడిగినవాళ్ళని శరీర సంబంధులనడం తప్పు. సిరిలు కాలానికి దగ్గరే, గ్రీకులోనే ప్రసంగించిన యోవాను క్రిసోస్తొము ఇదే మత్తయి వాక్యం దగ్గర "ఎపియూసియొన్ రొట్టె అంటే ఏమిటి? ఒక దినానికి సరిపడేది" అని సూటిగా చెప్పాడు. మనకి శరీరం ఉంది, దానికి ఆకలేస్తుంది, ప్రభువుకి ఆ సంగతి తెలుసు అనే అర్థంలో మాట్లాడాడు. అక్కా, మీ అమ్మగారికి నా తరఫున కూడా చెప్పండి, ఆ వాక్యం మళ్ళీ పైకే చెప్పుకోమని.

రాయిచెట్టు
సేవకుడిగారూ, మొదట మీ మీద కోపంగా రాశాను. క్షమించండి.

గోదారి_సేవకుడు
అదేం లేదు బ్రదర్. సముద్రం ఒడ్డున చేపలు కాల్చిన సంగతి మీరు గుర్తు చేయకపోతే నేను ఇంతదాకా వచ్చేవాణ్ణి కాదు.

సందేహాల_సత్తి
నాకు ఇంకో సందేహం మిగిలింది. యేసు మాట్లాడింది అరమేయికు కదా, ఆయన నోట వచ్చిన మాట ఏమై ఉంటుంది?

పాత_నిఘంటువు
మన చేతిలో ఉన్నది గ్రీకు. జెరోము చూసిన మాహర్ అసలు మాటేనని కొందరంటారు, గ్రీకు నుంచే వెనక్కి అనువదించి ఉంటారని కొందరంటారు. నేనైతే ఒకటి గమనిస్తాను. ఆయన నోటి మాట ఎంత మామూలుదైనా, దాన్ని గ్రీకులోకి తెచ్చినవాళ్ళకి ఉన్న మాటల్లో ఏదీ సరిపోలేదు. ఎఫీమెరొస్ చాల్లేదు, కథీమెరినొస్ చాల్లేదు. కొత్తగా ఒకటి అల్లుకోవాల్సి వచ్చింది. మత్తయీ లూకా ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు, చుట్టూ ఉన్న మాటలు మాత్రం మార్చుకున్నారు. మత్తయిలో "నేడు", లూకాలో "దినదినము". మత్తయిలో దొస్ అంటే ఒక్కసారి ఇచ్చెయ్యి, లూకాలో దిదూ అంటే ఇస్తూ ఉండు. అన్నీ మారినా ఎపియూసియోస్ మారలేదు.

అక్కడికి మీ బాబు ప్రశ్నకి కూడా జవాబు వస్తుంది మిరపచేను గారూ. అనుదినం, నేడు అని రెండుసార్లు చెప్పినట్టు తెలుగులో అనిపిస్తుంది. గ్రీకులో ఆ రెండూ ఒకటి కావు. నేడు అనేది ఎప్పుడు ఇవ్వాలో చెప్తుంది. ఎపియూసియోస్ ఎలాంటి రొట్టో చెప్తుంది.

మిరపచేను
నాలుగు రోజుల నుంచి ఇవన్నీ రాత్రిళ్ళు అమ్మకి చదివి వినిపిస్తున్నాను. గ్రీకు పేర్లు పలకడం రాక ఇద్దరం తడబడ్డాం. కువైట్ అన్న పోస్టు రెండుసార్లు చదివించుకుంది. కూలి వాక్యం చెప్పగానే "సూర్యుడు అస్తమించకముందే అని బైబిల్లో ఉందా?" అంది. మేస్త్రి వారం వారం ఇస్తున్నాడు ఈమధ్య, అందుకు అడిగింది.

రేపటి అన్నం అని కోప్తులు చెప్పుకుంటారట అన్నప్పుడు మాత్రం ఆశ్చర్యపోలేదు. అప్పటికి రాత్రి అన్నం తినడం అయిపోయింది. గిన్నెలో మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి, పొద్దుటికి చద్దన్నానికి మూత పెడుతోంది. "రేపటిది ఇదే కదా" అంది, గిన్నె చూపించి.

ఈరోజు పొద్దున బియ్యం కడిగేటప్పుడు వినపడింది.

నానాటి_అన్నం
🙏

కువైట్_కిటికీ
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి అక్కా. మా రూమ్మేట్‌కి చద్దన్నం అంటే ఏమిటో అరగంట వివరించాను. రేపు చేసి పెట్టమంటున్నాడు. ఇక్కడ ఎండకి మజ్జిగ కూడా వెయ్యాలి.

మిరపచేను
తప్పకుండా చెప్తాను అన్నా. ఆదివారం క్లాసు అయింది. బోర్డు మీద "ఏ నాటి బత్తెము ఆనాడే" అని రాసి, ఎపియూసియోస్ అని పలికించాను, పిల్లలకి ఆ మాట భలే నచ్చింది. వచ్చే పూటకి సరిపడే అన్నం ఇవాళ ఇవ్వు అని అడుగుతున్నాం అని చెప్పాను. అంతా బాగానే ఉంది కానీ అదే బాబు మళ్ళీ చెయ్యెత్తాడు. "మన్నా మర్నాటికి దాస్తే పురుగు పట్టింది అన్నారు కదా టీచర్, మరి రేపటిది ఇవాళ అడిగితే పురుగు పట్టదా?" అట. మళ్ళీ వచ్చే వారం అన్నాను. ఎవరైనా ఉన్నారా?

లేఖనాల_లెక్క
నిర్గమకాండము 16లోనే ఇంకాస్త కిందికి రండి, 22 నుంచి. ఆరో రోజు అందరికీ రెండింతలు దొరికింది. ఏడో రోజు మన్నా పడదు కాబట్టి ఆ ఒక్కరోజు రేపటిది కూడా ముందే ఇచ్చాడు. అది మర్నాటికి దాచుకున్నా కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. వాళ్ళంతట వాళ్ళు దాచుకున్నది పాడైంది, ఆయన ముందుగా ఇచ్చింది నిలిచింది. ఆ బాబుకి శుక్రవారం మన్నా గురించి చెప్పండి.